"కనిపిస్తూనే ఉంది కదా సార్, ఇంకా నిరూపించేదేముంది?" – అవధులు, జియోజీబ్రా, నా క్లాసు

ప్రశ్న – పల్నాడు_లెక్కలు

అందరికీ నమస్కారం. పల్నాడు జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో పదకొండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. బీఎస్సీ వాళ్లకి వాస్తవ విశ్లేషణ (రియల్ అనాలిసిస్) నా వాటా. ఏటా అవధి నిర్వచనం దగ్గరికి రాగానే బండి బురదలో దిగబడుతుంది.

ఇంటర్‌లో వీళ్లు అవధుల లెక్కలు వందలకొద్దీ చేసే వస్తారు. కారణాంకాలు కొట్టేయడం, సైన్ ఎక్స్ బై ఎక్స్ కనబడితే 1 వేయడం, 0/0 వస్తే పైనా కిందా అవకలనం చేయడం – చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. "ఎక్స్ 2కి దగ్గరైతే ఎక్స్ వర్గం 4కి దగ్గరవుతుంది అన్నారుగా, ఆ 'దగ్గర' అంటే ఎంత దగ్గర?" అని అడిగితే మాత్రం క్లాసంతా తలలు దించుకుంటుంది.

ఈ ఏడాది నాకు ప్రొజెక్టర్ ఉన్న గది దొరికింది. సెలవుల్లో కూర్చుని జియోజీబ్రా (గ్రాఫులు గీసి కదిలించే సాఫ్ట్‌వేర్) నేర్చుకున్నాను. నిర్వచనం చెప్పేది ఇది: ఎప్సిలాన్ అని ఏ ధన సంఖ్య ఇచ్చినా, ఎక్స్ (2 కాకుండా) 2కి డెల్టా లోపు ఉంటే ఎక్స్ వర్గం 4కి ఎప్సిలాన్ లోపు ఉండేలా డెల్టా అనే ఇంకో ధన సంఖ్య దొరకాలి. గ్రాఫు మీద 4కి పైనా కిందా ఎప్సిలాన్ వెడల్పున ఒక పసుపు అడ్డపట్టీ, 2కి అటూ ఇటూ డెల్టా వెడల్పున ఒక నీలం నిలువుపట్టీ. రెంటి వెడల్పూ మార్చడానికి తెర మీద జరిపే మీటలు, అంటే స్లైడర్లు. ఎక్స్ అక్షం మీద ఒక చుక్క 2 వైపు నడుస్తూ ఉంటే, గ్రాఫు మీద దాని జత చుక్క 4 వైపు ఎక్కుతుంది. పిల్లల కళ్లు మెరిశాయి. పదకొండేళ్లలో ఆ పాఠం అంత హాయిగా సాగింది లేదు.

అయితే గంట కొట్టబోయే ముందు రెండో బెంచీ కుర్రాడు లేచి అడిగాడు: "సార్, కనిపిస్తూనే ఉంది కదా. ఇంకా నిరూపించేదేముంది?" వాడు అల్లరి చేసే పిల్లాడు కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. "పరీక్షలో వస్తుంది" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది జవాబు కాదని నాకూ తెలుసు కాబట్టి "రేపు మాట్లాడదాం" అన్నాను.

తరవాత స్లిప్ టెస్టు పెట్టాను. ఎక్స్ 2కి చేరువైతే 3ఎక్స్ – 1 అవధి 5 అని నిరూపించండి అన్నాను. 38 మందిలో 29 మంది చక్కగా గ్రాఫు వేసి, రెండు పట్టీలు గీసి, రంగు కూడా వేసి, "కాబట్టి అవధి 5" అని ముగించారు. వెనకటి బ్యాచుల వాళ్లు నిరూపణను బట్టీపట్టి రాసేవారు, అర్థం తెలిసేది కాదు. వీళ్లకి అర్థమైంది, నిరూపణ అక్కర్లేకుండా పోయింది. ఏది నయమో నాకు తేలడం లేదు.

బొమ్మ చూపించి నేనే నిరూపణ మీద ఆకలి చంపేశానా? మీలో ఎవరైనా ఇలాంటి సాధనాలు వాడి, అక్కడి నుంచి నిరూపణ దాకా పిల్లల్ని తీసుకెళ్లి ఉంటే, ఏ వరుసలో చేశారో చెప్పండి.

జవాబు 1 – సుద్దముక్క_మేడమ్

మాష్టారూ, నేను కరీంనగర్ వైపు డిగ్రీ కాలేజీల్లో ముప్పై ఏళ్లు ఇదే పేపరు చెప్పి రిటైరయ్యాను. ముందుగా ఆ అబ్బాయిని మెచ్చుకోండి. వాడు అడిగింది చిన్న ప్రశ్న కాదు.

1817లో ప్రాగ్ నగరంలో బోల్జానో ఒక వ్యాసం అచ్చువేశాడు. అవిచ్ఛిన్న ప్రమేయం (గ్రాఫు ఎక్కడా తెగనిది) ఒకచోట రుణాత్మకంగా, ఇంకోచోట ధనాత్మకంగా ఉంటే, మధ్యలో ఎక్కడో సున్నా అయి తీరాలని అందులో నిరూపించాడు. అక్షానికి కింద మొదలుపెట్టిన గీత పైకి రావాలంటే అక్షాన్ని దాటాల్సిందే కదా, ఇందులో నిరూపించేదేముంది? మీ కుర్రాడి ప్రశ్నే.

క్లాసులో ఇలా చేయండి. ఎక్స్ వర్గం – 2 గ్రాఫు తెర మీద పెట్టండి. 1 దగ్గర విలువ –1, 2 దగ్గర 2. మధ్యలో అక్షాన్ని దాటుతుంది, అందరికీ కనిపిస్తుంది. ఇప్పుడు "మన ప్రపంచంలో భిన్నాలు మాత్రమే ఉన్నాయి, ఇంకే సంఖ్యలూ లేవు" అనండి. గ్రాఫు ఎలా ఉంటుంది? తెర మీద అదే బొమ్మ, ఒక్క చుక్క కూడా మారదు. కానీ ఇప్పుడు ఆ గీత అక్షాన్ని ఎక్కడా తాకలేదు. 2కి వర్గమూలం భిన్నం కాదని వాళ్లు పదో తరగతిలోనే చదివారు. ఒకే బొమ్మ, ఒక ప్రపంచంలో మాట నిజం, ఇంకో ప్రపంచంలో అబద్ధం. మరి కంటికి కనిపించింది ఏ ప్రపంచం? నేను ఇది సుద్దముక్కతోనే చెప్పేదాన్ని. ఆ రోజు క్లాసు అయ్యాక కూడా పిల్లలు బోర్డు దగ్గరే నిలబడేవాళ్లు.

ఇక మీ బొమ్మ సంగతి. నొచ్చుకోకండి, ఆ నడిచే చుక్కను తీసేయండి. చుక్క 2 వైపు నడవడం, జత చుక్క 4 వైపు ఎక్కడం – ఇది ఇంటర్‌లో చెప్పుకున్న "సమీపించడం" కథే, కొత్త నిర్వచనం కాదు. నిర్వచనం అటువైపు నుంచి మొదలవుతుంది. ముందు నిలువు అక్షం మీద ఎంత తేడా ఒప్పుకుంటారో చెప్పాలి, తరవాతే అడ్డ అక్షం మీద ఎంత దగ్గరుండాలో వెతకాలి. మా క్లాసులో ఐటీఐ చదివి వచ్చిన అబ్బాయి ఒకడుండేవాడు. "మేడమ్, ఇది లేత్ పని. షాఫ్ట్ కొలతలో 0.02 మిల్లీమీటరు తేడా వరకే ఒప్పుకుంటామని పార్టీ ముందే చెప్తాడు. హ్యాండిల్ ఎంత మెల్లగా తిప్పాలో మనం చూసుకోవాలె" అన్నాడు. ఆ తరవాత ప్రతి బ్యాచుకీ నేను ఆ మాటతోనే మొదలుపెట్టాను.

రెండో సంగతి: రెండు స్లైడర్లూ ఎవరి చేతిలో ఉన్నాయి? మీ చేతిలోనే. ఒకే చేతిలో ఉంటే అది చూసే సినిమా అవుతుంది కానీ ఆడే ఆట అవ్వదు. ఎప్సిలాన్ ఒకరికివ్వండి, డెల్టా ఇంకొకరికివ్వండి. ఎప్సిలాన్ పిల్ల పట్టీని ఇరుకు చేస్తుంది, డెల్టా పిల్లాడు జవాబివ్వాలి. మళ్లీ ఇరుకు, మళ్లీ జవాబు. పది నిమిషాల్లో విసుగొస్తుంది. ఆ విసుగు రానివ్వండి. "ఇది ఎప్పటికి తెమిలేను?" అని డెల్టా పిల్లాడు అడిగినప్పుడు, "నువ్వు ఆడకుండా గెలవాలంటే ఏం కావాలి?" అని అడగండి. సూత్రం కావాలి. అవతలివాళ్లు ఏ ఎప్సిలాన్ ఇచ్చినా డెల్టా ఎంతో చెప్పే సూత్రం, అది ఎప్పుడూ ఓడదనే కారణం. ఆ రెండూ కలిస్తే నిరూపణ. బొమ్మ ఒక్కో ఎప్సిలాన్‌కే జవాబిస్తుంది, నిర్వచనంలో "ప్రతి" అని ఉంది. ఆ "ప్రతి" అనే మాటకి స్లైడర్ లేదు.

3ఎక్స్ – 1తో మొదలుపెట్టకండి. సరళరేఖ మరీ తేలిగ్గా లొంగిపోతుంది. 2 దగ్గర ఎక్స్ వర్గం పెట్టండి. డెల్టా ఎంతో మీరు చెప్పకండి, పట్టిక వేయించండి. అక్కడ ఒక తమాషా ఉంది, పిల్లలే మీకు చూపిస్తారు.

జవాబు 2 – ఎంసెట్_గణితం

నేను కోచింగ్ వైపు నుంచి చెప్తున్నా. మాకు అవధులకి దొరికేది వారం, అదీ లెక్కలకే చాలదు. ప్రొజెక్టర్, ఆట, పట్టిక అంటే ఆ వారమంతా నిర్వచనానికే పోతుంది. బొమ్మ ఒక్క పది నిమిషాలు చూపించి ముందుకెళ్లడంలో తప్పులేదనే నా అభిప్రాయం. డిగ్రీలో మీకు సమయం ఉంది కాబట్టి మేడమ్ చెప్పింది చేయండి. మా దగ్గర కుదరదు.

జవాబు 3 – ఫ్లోట్_పాయింట్

నేను లెక్కల మాష్టారిని కాదు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని. అయినా ఈ ప్రశ్న చూశాక ఊరుకోలేకపోయా, ఎందుకంటే తెర మీద బొమ్మను నమ్మి దెబ్బతినడం మా వృత్తిలో రోజూ ఉండేదే. మీ కుర్రాడికి బొమ్మ నిజంగా తప్పు చెప్పే చోట్లు చూపించండి. అన్నీ మీ ల్యాప్‌టాప్‌లోనే చేయొచ్చు.

(1 + 1/ఎన్) ఘాతం ఎన్ తీసుకోండి. ఎన్ పెరిగేకొద్దీ 2.718 వైపు వెళ్తుందని అందరికీ తెలుసు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మామూలు దశాంశ సంఖ్యలతో ఎన్ = 10 ఘాతం 15 పెట్టి చూడండి, 3.035 వస్తుంది. 10 ఘాతం 16 పెడితే సరిగ్గా 1 వస్తుంది. కారణం: యంత్రం ఒక్కో సంఖ్యకి దాదాపు 16 అంకెలే దాచుకుంటుంది. 1కి 10 ఘాతం –16 కలిపితే దాని దృష్టిలో మళ్లీ 1 మాత్రమే. 1ని ఎన్నిసార్లు గుణించినా 1. "అవధి అంటే పెద్ద ఎన్ పెట్టి చూడటమే" అనుకున్నవాడికి ఇక్కడ అవధి 1 అనిపిస్తుంది.

ఇంకోటి, (1 – కాస్ ఎక్స్) బై ఎక్స్ వర్గం. సున్నా దగ్గర అవధి 1/2 అని ఇంటర్‌లోనే చేయిస్తారు. గ్రాఫు వేసి సున్నా దగ్గరికి జూమ్ చేసుకుంటూ పోండి. ఎక్స్ 10 ఘాతం –8 దాకా వెళ్లేసరికి గీత చిందరవందరై, ఆఖరికి సున్నా మీద పడిపోతుంది. కాస్ ఎక్స్ యంత్రానికి సరిగ్గా 1 అయిపోయింది, అందుకు. దగ్గరికి వెళ్లేకొద్దీ నిజం స్పష్టమవుతుందనే నమ్మకం ఇక్కడ తలకిందులు.

యంత్రం తప్పేమీ లేని చోటు కూడా ఒకటి చెప్తాను, నాకు ఇదే అన్నిటికన్నా ఇష్టం. 1 + 1/2 + 1/3 + 1/4… కూడుకుంటూ గ్రాఫు వేయండి. 10 దాటడానికే 12,367 పదాలు కావాలి. 20 దాటాలంటే 27 కోట్ల పైచిలుకు. తెర మీద గీత పడుకున్నట్టే ఉంటుంది, ఎవరిని అడిగినా "ఆగిపోయింది" అంటారు. కానీ 1/3, 1/4 కలిపితే అర కన్నా ఎక్కువ, 1/5 నుంచి 1/8 దాకా కలిపితే మళ్లీ అర కన్నా ఎక్కువ, ఇలా అరలు ఎప్పటికీ వస్తూనే ఉంటాయి. కాబట్టి ఆగదు. ఏ తెరా చూపించలేని దాన్ని రెండు వాక్యాల నిరూపణ చూపించేస్తుంది.

జవాబు 4 – ఓరుగల్లు_ఎమ్మెస్సీ

సార్, నేను వరంగల్‌లో ఎమ్మెస్సీ చదువుతున్న. బొమ్మల సంగతి పెద్దవాళ్లు చెప్పిన్రు, నేను నిరూపణ నేర్పే సాధనం గురించి చెప్తా. లీన్ అని ఒకటుంది. మనం రాసిన నిరూపణల ఒక్కో మెట్టునూ కంప్యూటర్ సరిచూస్తది. 2013ల మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌ల లియొనార్డో డి మౌరా మొదలుపెట్టిండు. లండన్ ఇంపీరియల్ కాలేజీల కెవిన్ బజ్జర్డ్, మొహమ్మద్ పెడ్రామ్‌ఫర్ దానితోటి నేచురల్ నంబర్ గేమ్ తయారుచేసిన్రు. బ్రౌజర్‌లనే ఆడొచ్చు. కూడికల వరస మార్చినా మొత్తం మారదన్నది కూడా అందుల మనమే నిరూపించుకోవాలె.

నాకు అవధి నిర్వచనం లీన్‌లనే ఎక్కింది. ఎప్సిలాన్ వాళ్లిచ్చేది, మనం "ఇంట్రో" అని తీసుకోవాలె. డెల్టా మనమిచ్చేది, "యూజ్" అని పెట్టాలె. వరస తప్పితే ముందుకు పోనియ్యదు. ఎప్సిలాన్ తీసుకోకముందే దాని పేరు వాడితే ఎర్రగీత పడ్తది. రెండేండ్లు పుస్తకంల చదివినా నాకు కాని సంగతి, ఆ ఎర్రగీత ఒక్క సాయంత్రంల చెప్పింది: డెల్టా ఎప్సిలాన్ తర్వాతనే వస్తది, దాని మీద ఆధారపడొచ్చు, ఎక్స్ మీద మాత్రం ఆధారపడొద్దు.

ఒక జాగ్రత్త. లీన్ గణిత గ్రంథాలయంల అవధిని ఫిల్టర్లు అనే పై స్థాయి భావనతోటి రాసిన్రు, అన్ని రకాల అవధులకూ ఒకేసారి సరిపోయే రూపంల. మొదటిసారి చూసేటోళ్లకు అది వద్దు. ఎప్సిలాన్–డెల్టా నిర్వచనాన్ని మనమే విడిగా రాసుకుని, దాని మీదనే చేయించాలె. ఇంగ్లీషు కీబోర్డు అలవాటు లేనోళ్లకు మొదటి రెండు రోజులు కష్టమైతది, అది కూడా చెప్తున్న. ఇద్దరిద్దరిని కూర్చోబెడితే నడుస్తది.

జవాబు 5 – పల్నాడు_లెక్కలు (ప్రశ్న అడిగినవారు)

మూడు వారాల తరవాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. మేడమ్ గారూ, ఆ తమాషా ఏమిటో పిల్లలే చూపించారు. వివరంగా రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

నడిచే చుక్క తీసేశాను. జియోజీబ్రా క్లాసిక్‌లో అక్షాల హద్దుల దగ్గర సంఖ్యలకి బదులు స్లైడర్ల పేర్లు కూడా రాయొచ్చు. ఎడమ హద్దు 2 – డెల్టా, కుడి హద్దు 2 + డెల్టా, కింద 4 – ఎప్సిలాన్, పైన 4 + ఎప్సిలాన్. ఇప్పుడు తెర మొత్తం ఒక గది. గ్రాఫు ఎడమ గోడలోంచి వచ్చి కుడి గోడలోంచి వెళ్లాలి, పైకప్పూ నేలా తాకకూడదు. తాకితే డెల్టా పిల్లాడు ఓడినట్టు. పట్టీల కన్నా ఈ గది వాళ్లకి వెంటనే పట్టింది.

ఎప్సిలాన్ ఒక అమ్మాయికిచ్చాను. డెల్టా, మొదటి రోజు ప్రశ్న వేసిన కుర్రాడికే ఇచ్చాను. పట్టిక ఇలా వచ్చింది: ఎప్సిలాన్ 0.5 అయితే డెల్టా 0.121 దాకా చెల్లుతుంది. 0.1 అయితే 0.0248. 0.01 అయితే 0.00249. నాలుగో వరస అడగకముందే వెనక బెంచీ నుంచి కేక, "సార్, 4తో భాగిస్తే చాలు!" క్లాసంతా ఒప్పుకుంది. 0.0248 ఎక్కడ, 0.025 ఎక్కడ అని ఒకమ్మాయి గొణిగితే, "దశాంశాలు కత్తిరించడంలో వచ్చిన తేడాలే" అని సర్దిచెప్పారు. గదిలో పెట్టి చూశాం. ఎప్సిలాన్ 0.01, డెల్టా 0.0025. గ్రాఫు మూల నుంచి మూలకి గీసినట్టు వెళ్లింది. ఎక్కడా పైకప్పు తాకినట్టు లేదు.

"సరే, ఓడదని చూపించు" అని కుర్రాడికి సుద్దముక్క ఇచ్చాను. వాడు 2 + ఎప్సిలాన్/4కి వర్గం వేశాడు. 4 + ఎప్సిలాన్ + ఎప్సిలాన్ వర్గం బై 16. కాసేపు బోర్డు వైపే చూసి, "సార్, ఈ తోక పోవట్లేదు" అన్నాడు. ఎప్పటికీ పోదు! ఎప్సిలాన్ ఎంత చిన్నదిచ్చినా 4తో భాగించినవాడు కుడి గోడ దగ్గర ఓడిపోతూనే ఉంటాడు. మరి తెర మీద ఎందుకు కనబడలేదు? అక్కడే లెక్క కట్టించాను. గది సగం ఎత్తులో ఎప్సిలాన్/16 వంతు మేర గ్రాఫు పైకప్పు దాటిపోతోంది. ఎప్సిలాన్ 0.01, గది సగం ఎత్తు 500 పిక్సెళ్లు అనుకుంటే, అది పిక్సెల్‌లో మూడో వంతు కూడా లేదు. తెర చూపించలేదు, ఏ తెరైనా చూపించలేదు. ఎప్సిలాన్ తగ్గించి ఇంకా దగ్గరగా చూస్తే ఇంకా మాయమవుతుంది.

నాకు ఒళ్లు జలదరించింది. నేను ఈ నిరూపణ పదకొండేళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను, ఈ సంగతి ఒక్కసారీ గమనించలేదు.

తరవాత వాళ్లే "5తో భాగిద్దాం" అన్నారు. వర్గం వేస్తే 4 + ఎప్సిలాన్‌లో 4/5 వంతు + ఎప్సిలాన్ వర్గం బై 25. ఈసారి తోక ఇమిడింది, అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు ఎప్సిలాన్ అమ్మాయి స్లైడర్‌ని ఇంకోవైపు లాగి 10 దగ్గర ఆపింది. ఎవరూ ఊహించలేదు, నేనూ ఊహించలేదు. డెల్టా 2 అయింది. ఎక్స్ 3.9 దగ్గర వర్గం 15.21, పైకప్పు 14. ఓటమి. "చిన్నవే ఇవ్వాలని ఎవరన్నారు సార్, ప్రతి ఎప్సిలాన్ అన్నారుగా" అంది. ఆ మాటతో డెల్టా 1 దాటకూడదనే షరతు పుట్టింది. పుస్తకంలో "1, ఎప్సిలాన్/5 – ఈ రెంటిలో చిన్నది" అని ఉంటుంది, ఆ 1 ఎక్కడినుంచి ఊడిపడిందని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఈసారి దాన్ని మా క్లాసే కనిపెట్టింది. ఎక్స్ 3 లోపు ఉంటే ఎక్స్ + 2 విలువ 5 లోపు ఉంటుంది, అందుకే 5తో భాగించడం కూడా పనిచేసిందని అప్పుడు చెప్పాను.

మళ్లీ స్లిప్ టెస్టు పెట్టాను, ఈసారి 3 దగ్గర ఎక్స్ వర్గం. 38 మందిలో 21 మంది నిరూపణ పూర్తిగా రాశారు. ఆరుగురు మళ్లీ బొమ్మతోనే ఆపారు, వాళ్లని విడిగా కూర్చోబెడుతున్నాను. మిగతావాళ్లు మొదలుపెట్టి అసమానతల దగ్గర చిక్కుకున్నారు. అది వేరే జబ్బు. పరమ మూల్యాలతో (మాడ్యులస్‌తో) అసమానతలు రాయడం ఎవరూ సరిగా నేర్పలేదు, ఆ పని నేనే మొదలుపెట్టాలి.

ఫ్లోట్_పాయింట్ గారూ, మీరు చెప్పిన 10 ఘాతం 16 ప్రయోగం చేశాం. 1 వచ్చినప్పుడు కంప్యూటర్ సైన్స్ పిల్లలు లెక్కల పిల్లలకి కారణం వివరించారు. లీన్ మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు తమ్ముడూ. ల్యాబ్‌లో నెట్ ఉండేది రోజుకి రెండు గంటలే. దసరా తరవాత పదిమందితో చూస్తాను, అప్పుడు నిన్ను మళ్లీ అడుగుతాను.

శుక్రవారం ఆ ఎప్సిలాన్ అమ్మాయి ఇంకో మాట అడిగింది. "సార్, గది కొలతలు మార్చకుండా దాన్ని అలాగే గ్రాఫు వెంట జరుపుకుంటూ పోవచ్చా? అన్నిచోట్లా పడుతుందా?" అన్నిచోట్లా ఒకే డెల్టా చాలడాన్నే ఏకరూప అవిచ్ఛిన్నత అంటారు, ఆ మాట తను ఇంకా వినలేదు. సోమవారం 1/ఎక్స్ మీద గది పెడుతున్నాను. ఎప్సిలాన్ 0.1 అనుకుంటే, 1 దగ్గర డెల్టా 0.09 దాకా చెల్లుతుంది, 0.1 దగ్గరికి వచ్చేసరికి 0.00099కి పడిపోతుంది. స్లైడర్ ఆ అమ్మాయి చేతికే ఇస్తాను.